మాటలు ఎవరివన్న విచారణ

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది, జూన్ నెలలో, మా సంఘం కార్యవర్గం ఒక ఫిర్యాదు కాగితం నా చేతికిచ్చి జగ్గయ్యపేట వెళ్లి రమ్మంది. విజయవాడలోని ఆ రచయితల సంఘంలో నేను అప్పటికి తొమ్మిదేళ్లుగా కార్యాలయ కార్యదర్శిని. అంతకుముందు చాలా ఏళ్లు ఒక పత్రికలో సబ్ ఎడిటర్‌ని. కార్యాలయ కార్యదర్శి అంటే ఓటు లేని ఉద్యోగం. నిర్ణయాలు ఎన్నికైన కార్యవర్గం చేస్తుంది. రిజిస్టర్లు నిర్వహించడం, ఉత్తరాలు రాయడం, గొడవ వచ్చిన చోటికి వెళ్లి ఇరుపక్షాల మాటా రాసుకుని రావడం నా పని.

రచయితలకు కార్మిక సంఘం ఏమిటని చాలామంది అడిగేవారు. మీరు కూడా జెండాలు పట్టుకుని గేటు ముందు కూర్చుంటారా అని మా బంధువు ఒకాయన నవ్వాడు. గేటు ఉంటే కూర్చునేవాళ్లమే. టీవీ సీరియళ్లకూ, సినిమాలకూ, ఈమధ్య ఫోన్లో వినే ఆడియో కథలకూ రాసేవాళ్లు ఎవరింట్లో వాళ్లు కూర్చుని రాస్తారు. పక్క ఊళ్లో అదే కంపెనీకి రాస్తున్న మనిషికి ఏం జరుగుతోందో తెలియదు. అందుకే ట్రేడ్ యూనియన్ల చట్టం కింద సంఘాన్ని నమోదు చేయించారు. కంపెనీకి ఇవ్వబోయే ముందు సభ్యులు తమ స్క్రిప్టు తెచ్చి మా దగ్గర నమోదు చేయించుకుంటారు. ప్రతి పేజీ మీద ముద్ర వేసి, రిజిస్టర్లో నంబరు రాసి, ఒక ప్రతిని సీలు వేసి బీరువాలో పెడతాం. తర్వాత ఎవరైనా ఆ కథ నాది అంటే, ఆ కవరు విప్పి చూస్తాం. ఇది కాక, తెర మీద ఎవరి పేరు ఏ శీర్షిక కింద పడాలి అన్న తగాదాలు ఉంటాయి. వాటిని పేరు వివాదాలు అనేవాళ్లం. నా చేతికొచ్చింది అలాంటిదే.

ఫిర్యాదు ఒక్క పేజీ. గుండ్రటి దస్తూరి. హైదరాబాద్ కంపెనీ ఒకటి ఫోన్లో వినిపిస్తున్న ఆడియో సీరియల్ అరవై ఎపిసోడ్లలో నలభైకి పైగా తాను రాశాననీ, ప్రతి ఎపిసోడ్ మొదట్లో “రచన కోటేశ్వరరావు” అని మాత్రమే వినబడుతోందనీ, ఇప్పుడు ఆ కంపెనీ వాళ్లే అదే కథను వెబ్ సిరీస్‌గా తీస్తున్నారు గనుక తెర మీద తన పేరు కూడా ఉండాలనీ అందులో ఉంది. కింద సంతకం: సలోమి, తెలుగు ఉపాధ్యాయురాలు, జగ్గయ్యపేట. అంతకు ఏడాది ముందు సంఘంలో చేరిన సభ్యురాలు. డబ్బు ప్రస్తావన ఎక్కడా లేదు.

కోటేశ్వరరావు గారు నందిగామలో ఉంటారు. చందర్లపాడు దగ్గర పొలాలున్న కుటుంబం. నలభై ఏళ్లుగా నాటకాలు, సీరియళ్లు రాస్తున్న మనిషి. సంఘం నమోదుకు కనీసం ఏడుగురు సంతకాలు పెట్టాలి. ఆ ఏడుగురిలో ఆయన ఒకరు. పత్రిక మానేసి ఇంట్లో కూర్చున్న నన్ను పిలిచి ఈ ఉద్యోగంలో పెట్టించింది కూడా ఆయనే. ఈ విచారణకు నన్ను పంపొద్దని మా అధ్యక్షుడితో అన్నాను.

“మీకు ఓటు లేదు కదండీ. రాసుకుని రండి, చాలు” అన్నాడాయన.

సలోమి జగ్గయ్యపేటలో స్కూలుకు దగ్గరగా ఒక అద్దె పోర్షన్లో ఉండేది. ముప్పై నాలుగేళ్లు ఉంటాయి. సొంత ఊరు గరికపాడు. తల్లిదండ్రులు ఇంకా అక్కడే ఉండి మిరప చేలల్లో కూలికి వెళ్తున్నారు. నేను వెళ్లేసరికి సాయంత్రం స్కూలు వదిలి వచ్చి ఇంకా చీర కూడా మార్చుకోలేదు. మంచం మీద పదకొండు లాంగ్ నోటుబుక్కులు వరసగా పేర్చి పెట్టింది.

కోటేశ్వరరావు గారితో పరిచయం ఎలా అని అడిగాను.

“మా స్కూల్లో భాషా దినోత్సవానికి మాస్టారు వచ్చారండి. నేను రాసిన చిన్న నాటిక పిల్లల చేత వేయించా. ఆయనకి నచ్చింది. ఆదివారాలు నందిగామ రాగలవా, నేను చెప్తుంటే రాసిపెట్టాలి అన్నారు. చర్చిలో ఆరాధన అయ్యాక బస్సెక్కేదాన్ని. మూడేళ్లు అట్టా వెళ్లా.”

ఆయన చెబితే నువ్వు రాస్తే అది లేఖరి పని అవుతుంది కదా అన్నాను. మా వృత్తిలో అసలు ప్రశ్న అదే. చెప్పింది రాసిపెట్టేవాళ్లకు తెర మీద పేరు ఉండదు.

“మొదట్లో అంతే మేడమ్. లేఖరి పనికి పేరడిగేంత తెలివితక్కువదాన్ని కాదు. రాన్రానూ ఆయన చెప్పడం తగ్గింది, నేను రాయడం పెరిగింది. చివరికొచ్చేసరికి ఎపిసోడ్ రాసి ఆయనకి చదివి వినిపించేదాన్ని. బాగుంది, పంపించెయ్ అనేవారు.”

“ఎందుకు తగ్గింది? ఆయన అంత తేలిగ్గా కలం వదిలే మనిషి కాదే.”

ఆమె నోటుబుక్కుల వైపు చూసింది. “అది ఆయన్నే అడగండి” అంది. ఎన్ని రకాలుగా అడిగినా అంతకు మించి చెప్పలేదు. ఫిర్యాదులో అది పెద్ద లోటు. నలభై ఏళ్ల అనుభవం ఉన్న రచయిత ఎందుకు రాయడం మానేశాడో చెప్పకుండా, నేనే రాశానంటే కమిటీ నమ్మడం కష్టం. ఆ సంగతే ఆమెతో అన్నాను.

“నమ్మకపోతే మానెయ్యండి మేడమ్. ఒక సంగతి మటుకు చెప్తా. పోయిన వేసవిలో నేను మీ ఆఫీసుకొచ్చా. ఇద్దరు కలిసి రాస్తే ఎట్టా నమోదు చేయించాలండీ అని మిమ్మల్నే అడిగా. ఫారంలో ఒక్క పేరుకే చోటుంది, ముందు మీరిద్దరూ తేల్చుకుని రండి అన్నారు. మాస్టార్ని ఆ మాట అడగలేక మళ్లీ రాలేదు.”

నాకు గుర్తు లేదు. విజయవాడ వెళ్లాక సందర్శకుల పుస్తకం తీసి చూశాను. ఏప్రిల్ పేజీలో అదే గుండ్రటి దస్తూరి ఉంది. నేను ఆ రోజు ఆమెను రెండు నిమిషాల్లో పంపేసి ఉంటాను. ఫారం అలాగే ఉంది మరి, నేనేం చేయను అనుకుని ఉంటాను. ఈ సంగతి దాచకుండా కార్యవర్గానికి రాసిచ్చాను. ఆ నెలలోనే ఫారం మార్చారు. పేరు రాసే గీత ఒకటి ఉన్నచోట నాలుగు వచ్చాయి. సలోమి విషయంలో మాత్రం అప్పటికే ఆలస్యమైంది.

నియమం ప్రకారం పేరు వివాదం మీద ఇద్దరు రచయితలతో కమిటీ వేస్తారు. ఆ చుట్టుపక్కల వాళ్లు, ఆ కంపెనీకి రాసేవాళ్లు అందులో ఉండకూడదు. నరసరావుపేట నుంచి ఒక నాటక రచయిత, ఏలూరు నుంచి ఒక టీవీ రచయిత్రి వచ్చారు. రాసుకునేదాన్ని నేను. ఇంకో నియమం కూడా ఉంది: వివాదం నడుస్తున్నంతకాలం టైటిల్ కార్డు ఖరారు చేయొద్దని కంపెనీకి ఉత్తరం రాయాలి. హైదరాబాద్‌లోని ఆ ఆడియో కథల కంపెనీకి నేనే రాశాను. ఆ ఉత్తరం తర్వాత మాకే అడ్డం తిరిగింది.

మొదటి రోజు నందిగామలో ఒక లాయరు గారి ఆఫీసు మేడ మీద సలోమిని విన్నాం. నోటుబుక్కులతో పాటు ఫోన్లో రికార్డింగులు కూడా తెచ్చింది. ఆయన చెప్పేటప్పుడు ఏదీ తప్పిపోకుండా మొదటి రోజు నుంచీ రికార్డు చేసుకునేదట. వాటిని వరసగా వినడం తప్ప మేం చేసిందేమీ లేదు. మొదటి ఎపిసోడ్లకు ఒక్కో రికార్డింగు ముప్పావు గంట. కామా ఎక్కడ పెట్టాలో కూడా కోటేశ్వరరావు గారే చెబుతున్నారు. పద్దెనిమిదో ఎపిసోడ్ దాకా అంతే. ఆ తర్వాత, “ఇక్కడ ఆవిడ కోప్పడాలి. ఎలా కోప్పడుద్దో నువ్వు రాయి” అని వినబడింది. ముప్పై దాటాక రికార్డింగులు రెండేసి నిమిషాలకు వచ్చాయి. ఒకదాంట్లో ఒక్కటే మాట: “లారీ ఆగుద్ది. తర్వాత సంగతి నువ్వు చూస్కో.” ఆ గొంతులో నేనెరిగిన అధికారం లేదు. అలసట ఉంది. నరసరావుపేట ఆయన వెనక్కి తిప్పి ఆ మాట మళ్లీ వినిపించాడు.

ఆ కథ రాష్ట్ర సరిహద్దు దగ్గర హైవే మీద దాబా నడిపే ఒక ఆడమనిషిది. ముప్పై ఏడో ఎపిసోడ్లో పోలీసులొచ్చి దాబా మూయమంటారు. ఆమె అన్నిటికీ సరేనంటుంది గానీ పొయ్యి మాత్రం ఆర్పదు. ఎందుకు ఆర్పదు అని కమిటీ సలోమిని అడిగింది. ఇద్దరినీ విడివిడిగా ఒకే ప్రశ్న అడగడం మా పద్ధతి.

“పొయ్యి ఆరితే దాబా ఎత్తేసినట్టేనండి. లారీ వాళ్లు దూరం నుంచి పొగ చూసి బండి స్లో చేస్తారు. ఒక్క పూట పొగ కనబడకపోతే తర్వాతి దాబాకి అలవాటు పడిపోతారు. మా అమ్మ గరికపాడులో పదకొండేళ్లు దాబా వెనకాల గిన్నెలు తోమింది. నేను అక్కడే కూర్చుని చదువుకున్నా.”

మర్నాడు ఉదయం కోటేశ్వరరావు గారింటికి వెళ్లాం. పెద్దమనిషిని లాయరు మేడ ఎక్కించడం బాగుండదని కమిటీ అనుకుంది. ఆయన భార్య అనసూయమ్మ గారు మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్లారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, నేరుగా నడిచి వచ్చి తన పడక్కుర్చీలో కూర్చున్నారు. మాట బిగుసుకుని ఉంది.

“నలభై ఏళ్లలో నాకు రాసిపెట్టినవాళ్లు ఐదారుగురు మారారండీ. ఒకాయనకి ట్రాన్స్‌ఫర్ అయింది, ఒకమ్మాయికి పెళ్లయింది. వాళ్లందరి పేర్లూ వెయ్యాలా? నేను చెప్పా, ఆ అమ్మాయి రాసింది. అంతే.”

న్యాయమైన ప్రశ్నే. ఆయన చెప్పింది చెప్పినట్టు మూడు పేజీలు రాశాను. వాంగ్మూలం ఇచ్చినవాళ్లు ప్రతి పేజీ చదువుకుని, తప్పులుంటే దిద్ది, అడుగున సంతకం పెట్టాలి. పేజీలు ఆయన చేతికిచ్చాను. ఒక్కో పేజీని చదవడానికి పట్టేంతసేపు కళ్ల ముందు పెట్టుకుని, కలం తీసుకుని సంతకం చేశారు. మొదటి పేజీ మీద సంతకం అడుగున పడలేదు. పేజీ మధ్యలో, నేను రాసిన వరసల మీద పడింది. రెండో పేజీ మీద కూడా అంతే. ఏలూరు ఆవిడ నా వైపు చూసింది. నేను పంపే ఉత్తరాల్లో అచ్చుతప్పు కనబడితే ఫోన్ చేసి మరీ చెప్పిన మనిషి ఆయన.

“కోటేశ్వరరావు గారూ, నేనొకసారి పైకి చదువుతాను. వినండి” అన్నాను.

ఆయన కలం కింద పెట్టి, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

“అక్కర్లేదు రాజ్యలక్ష్మమ్మా. నాకు కనబడ్డం లేదు. కంటి నరం ఎండిపోయిందన్నారు. మొదట్లో అక్షరాలు అలుక్కుపోయినట్టుండేవి. ఇప్పుడు మీరక్కడ కూర్చున్నారని తెలుస్తోంది, అంతే. రాసింది కళ్లతో చూసుకోకపోతే నాకు తర్వాతి మాట తోచదు, అందుకే చెప్పడం తగ్గింది.”

“సలోమికి తెలుసా?”

“దానికే ముందు తెలిసింది. కాగితం తిరగేసి పట్టుకుంటే సరిచేసి ఇచ్చేది. ఏమీ అనేది కాదు.”

ఎందుకు దాచారని ఏలూరు ఆవిడ అడిగింది.

“చూపు లేనివాడికి అరవై ఎపిసోడ్లు ఎవరిస్తారమ్మా? దాని పేరు నా పేరు పక్కన వేస్తే, ఈవిడెవరు, ఎందుకు అని కంపెనీ వాళ్లు అడుగుతారు. అడిగితే చెప్పాలి. ఇవాళ వద్దు, రేపు చూద్దాం అనుకుంటూ వచ్చా.”

పొయ్యి ప్రశ్న కూడా ఆయన్ని అడిగాం. అది సలోమి పెట్టిందనీ, ఆమె చదివి వినిపించాక గానీ దాని అర్థం తనకు తెలియలేదనీ చెప్పారు. మొదట రాసిన మూడు పేజీలూ తనే చించేసి, కొత్తగా రాయమన్నారు. చూపు సంగతి మాత్రం బయటికి రానివ్వొద్దని అడిగారు. ఆరోగ్య విషయాలను నివేదికలో పెట్టకుండా విడి కాగితం మీద రాసి సీలు వేసే వీలు మా నియమాల్లో ఉంది. అలాగే చేశాం.

విజయవాడ బస్సెక్కే ముందు జగ్గయ్యపేట వెళ్లి, ఈ సంగతి ఫిర్యాదులో ఎందుకు రాయలేదని సలోమిని అడిగాను. “ఆయన చూపు ఆయన సొంత విషయం మేడమ్. నా పేరు నా సొంత విషయం. ఒకటి చెప్పి ఇంకోటి తెచ్చుకోవడం నాకిష్టం లేదు” అంది.

తెర మీద రచనకు సంబంధించి మూడు శీర్షికలుంటాయి. ఎవరి ఊహ అన్నది కథ. ఏ సన్నివేశం తర్వాత ఏది అన్నది స్క్రీన్‌ప్లే. పాత్రలు పలికేవి మాటలు. కమిటీ ‘కథ’ కింద కోటేశ్వరరావు గారి పేరు ఒక్కటే పెట్టింది. ‘స్క్రీన్‌ప్లే’ ఇద్దరిదీ. ‘మాటలు’ కూడా ఇద్దరివే గానీ, ఎక్కువ భాగం ఎవరిదైతే వాళ్ల పేరు ముందు రావాలి గనుక అక్కడ సలోమి పేరు ముందు. ఫోన్లో చదివి వినిపిస్తే, “మాటల దగ్గర నాది రెండో పేరా?” అన్నారాయన. నలభై ఏళ్లు మాటలకే పేరుపడిన మనిషి. అయినా, “సరే, రాయండి” అన్నారు.

ఇక అయిపోయిందనుకున్నాం. అప్పుడు కంపెనీ నుంచి జవాబు వచ్చింది. కంటెంట్ హెడ్ అనే హోదాలో ఉన్న ఒక యువకుడు చాలా మర్యాదగా రాశాడు. రచయితల మధ్య వివాదం ఉందని మీరే తెలియజేశారు గనుక, ఒప్పందంలోని తొమ్మిదో క్లాజు ప్రకారం ఇద్దరి పేర్లూ వేయడం లేదు. “రచన: సంస్థ కథా విభాగం” అని వేస్తాం అన్నది దాని సారాంశం. తొమ్మిదో క్లాజులో పేరు వేయడం సంస్థ ఇష్టం అని ఉంది. కోటేశ్వరరావు గారు దాన్ని చదవకుండానే సంతకం పెట్టారు. అప్పటికే చదవలేని స్థితి.

కాపీరైట్ చట్టంలో యాభై ఏడో సెక్షన్ ఉంది. హక్కులన్నీ అమ్మేసుకున్నా, ఇది నేను రాశాను అని చెప్పుకునే హక్కు రచయితకు మిగులుతుందని దాని అర్థం. మా లాయరు గారు కోర్టులో గెలుస్తామన్నారు. ఎప్పటికి అని అడిగితే ఏళ్లు పట్టొచ్చన్నారు. సిరీస్ విడుదల మూడు వారాల్లో ఉంది. మాకు మిగిలిన సాధనం ఒక్కటే, సహాయ నిరాకరణ. పేర్లు సరిచేసేదాకా మా సభ్యులెవరూ ఆ కంపెనీకి కొత్త ఎపిసోడ్ ఇవ్వరని ఏడు రోజుల నోటీసు ఇవ్వడం. కానీ దానికి ఆ కంపెనీకి రాస్తున్న సభ్యులు ఒప్పుకోవాలి. అలాంటివాళ్లు పద్నాలుగు మంది. ఒక ఆదివారం మధ్యాహ్నం నందిగామలో ఒక స్కూలు గది అడిగి తీసుకుని సమావేశం పెట్టాం. పదకొండు మంది వచ్చారు.

పని ఆపడానికి వెనకాడారు. వాళ్లను తప్పు పట్టలేను. ఒక్కొక్కళ్లకూ ఒక్కో సీరియల్ మధ్యలో ఉంది. ఖమ్మం నుంచి వచ్చిన ఒక రచయిత లేచి సూటిగా అడిగాడు. “సారు పెద్దాయన. ఒక టీచరమ్మతోని రాయించుకుని పేరు వెయ్యలే. ఇయ్యాల కంపెనీ ఆయన పేరు తీసేస్తే మేమెందుకు పని ఆపాలె? ఆమె కోసం అంటే ఆలోచిస్తం. ఆయన కోసం ఎందుకు?”

కొందరు తలలూపారు. నా దగ్గర జవాబుంది గానీ అది సీలు వేసిన కవర్లో ఉంది. నేను నివేదికలోని పేజీలు తిప్పుతూ నిలబడ్డాను.

ముందు బెంచీలో భార్య పక్కన కూర్చున్న కోటేశ్వరరావు గారు బెంచీ అంచు పట్టుకుని లేచారు. రెండు వరసల వెనక నుంచి సలోమి కూడా సగం లేచింది. “మాస్టారూ, ఆ సంగతి చెప్పాల్సిన పని లేదండి” అంది.

“నువ్వు కూర్చోమ్మా” అని ఆయన ఖమ్మం రచయిత గొంతు వచ్చిన వైపు తిరిగారు. “ఆయనడిగింది సబబే. జవాబు రాజ్యలక్ష్మి గారి దగ్గరుంది, ఆవిడ చెప్పరు. నేనే చెప్తా. నాకు చూపు పోయింది. ఆ కంపెనీకి తెలిస్తే పని ఇవ్వరని భయపడ్డా. భయపడి ఈ అమ్మాయి పేరు తొక్కిపెట్టా. తప్పు చేశా. నా కోసం ఎవర్నీ ఆగమనను. ఒక్కటి చూడండి. మా ఇద్దరికీ పడలేదు, కంపెనీ ఇద్దరి పేర్లూ తీసేసింది. రేపు మీలో ఏ ఇద్దరికి పడకపోయినా ఇదే ఉత్తరం వస్తుంది. అడ్రసు మారుద్ది, అంతే.”

కూర్చునేటప్పుడు బెంచీ అందక చెయ్యి గాల్లో వెతికింది. అనసూయమ్మ గారు పట్టుకుని కూర్చోబెట్టారు. గదిలో ఉన్నవాళ్లందరూ అది చూశారు.

చేతులెత్తమంటే తొమ్మిది మంది ఎత్తారు. ఇద్దరు ఎటూ చెప్పలేదు గానీ తర్వాత వాళ్లు కూడా ఎపిసోడ్లు పంపలేదు. ఖమ్మం ఆయన నోటీసు మీద మొదటి సంతకం పెట్టాడు. రాని ముగ్గురికీ తనే ఫోన్లు చేశాడు.

నోటీసు గడువు ముగిశాక ఐదో రోజున కంటెంట్ హెడ్ ఫోన్ చేశాడు. రికార్డింగ్ స్టూడియోల్లో కళాకారులు వచ్చి కూర్చుంటున్నారు గానీ చదవడానికి కాగితం లేదు. ఆరో రోజున విజయవాడ వచ్చి మా ఆఫీసులో కూర్చున్నాడు. మంచివాడే. ఆ క్లాజు తను రాసింది కాదనీ, ఎవరో రాసిన నమూనా అనీ చెప్పాడు. కమిటీ చెప్పినట్టే పేర్లు వేయడానికి ఒప్పుకున్నాడు. మేం ఇంకొకటి పట్టుబట్టాం: తొమ్మిదో క్లాజు తీసేసి, పేరు విషయంలో తగాదా వస్తే సంఘం కమిటీ తేల్చిందే వేయాలని ఆ చోట రాయాలి. దానికి మధ్యాహ్నం దాకా పట్టింది. సాయంత్రానికి ఒడంబడిక మీద సంతకాలయ్యాయి.

సిరీస్ విడుదలైన రోజు నేను ఆఫీసులోనే ఫోన్లో చూశాను. “మాటలు: సలోమి, కోటేశ్వరరావు” అని తెర మీద మూడు సెకన్లు నిలిచింది. సలోమి గరికపాడు వెళ్లి తల్లితో కలిసి చూసిందట. వాళ్లమ్మకు చదువు రాదు. ఏది నీ పేరు అని అడిగి, వెనక్కి తిప్పించుకుని మళ్లీ చూసిందని చెప్పింది.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి. ఆ కంపెనీ కోటేశ్వరరావు గారికి మళ్లీ పని ఇవ్వలేదు. ఆయన భయపడ్డదే జరిగింది. కారణం అడుగుతూ మేం రెండు ఉత్తరాలు రాశాం. ప్రస్తుతం అవసరం లేదని జవాబు వచ్చింది. ఆయన ఒప్పందాలన్నీ ఒక్కో సీరియల్‌కు చేసుకున్నవి. ఫలానా రచయితకు పని ఇచ్చి తీరాలని కంపెనీని నిలదీసే అధికారం మాకు ఏ నియమంలోనూ లేదు. కొన్నాళ్లకు ఇంకొక చోట ఒక నాటకం దొరికింది. రాసిపెట్టే అతని పేరు కూడా వేయాలని ముందే ఒప్పందంలో రాయించుకుని ఒప్పుకున్నారు. సలోమికి అదే కంపెనీ ఒక సొంత సీరియల్ ఇచ్చింది. స్కూలు మానలేదు.

నేను పదవీ విరమణ చేసే ముందు ఒకసారి ఆమె స్క్రిప్టు నమోదుకు వచ్చింది. మాస్టారి దగ్గరికి వెళ్తున్నావా అని అడిగాను.

“లేదండి. కోపం ఏమీ లేదు. రెండుసార్లు బస్సెక్కుదామనుకున్నా. వెళ్తే ఏం మాట్లాడాలో తెలియడం లేదు” అని, ముద్ర వేసిన పేజీలు లెక్క చూసుకుని వెళ్లిపోయింది.

ఆ ఉద్యోగంలో నేను విని రాసుకున్న తగాదాల్లో ఇదొక్కటే ఇప్పటికీ వివరంగా గుర్తుంది. సంఘం వల్ల ఒక రచయిత్రి పేరు తెర మీదికి వచ్చింది, ఒక చెడ్డ క్లాజు పోయింది, ఫారంలో మూడు గీతలు పెరిగాయి. ఒక పెద్దాయనకు పని పోవడాన్ని ఆపలేకపోయింది. ఇద్దరు మనుషుల మధ్య ఉన్న ఆదివారాలను తిరిగి తేలేకపోయింది. ఒకరంటే ఒకరికి పడనివాళ్లు కూడా ఒకే నోటీసు మీద సంతకం పెట్టగలిగే చోటు ఒకటి ఉండాలని, సంఘం అంటే అంతవరకేనని, అంతవరకు కూడా ఎవరో ఒకరు ముందు తన తప్పు ఒప్పుకుంటే తప్ప జరగదని నాకు అక్కడ తెలిసింది.